ఈ సెలవులంతా వీపులే

సెలవులకి రాజమండ్రి బయల్దేరేముందు మా సార్ ఒకటే పని చెప్పారు. "ఈసారి వీపులు వేసుకురా. మొహాలొద్దు. మొహం బాగా కుదిరితే చాలు, మిగతా ఒళ్ళంతా దాని చాటున గట్టెక్కేస్తోంది."

ఆ మాటకి కాస్త రోషం వచ్చింది. విశాఖలో బొమ్మల డిగ్రీ, బి.ఎఫ్.ఎ.లో చేరిన దగ్గర్నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనూ రైల్వే స్టేషన్‌లోనూ కూర్చుని స్కెచ్‌లు వేయడం మా బ్యాచ్ మొత్తానికి అలవాటు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు, బెంచీల మీద నిద్రపోయేవాళ్ళు, నిలబడి టీ తాగేవాళ్ళు, ఎవర్నీ వదల్లేదు. అయితే సార్‌కి ఓ పద్ధతుంది. స్కెచ్‌బుక్ తీసుకుని బొమ్మ తల మీద అరచెయ్యి అడ్డం పెడతారు. "ఇప్పుడు చెప్పు, బరువు ఏ చేతిలో ఉంది?" అంటారు. తల కనబడుతున్నంతసేపూ అక్కడో మనిషి ఉన్నట్టే ఉంటుంది. తల మూశాక చొక్కా మిగులుతుంది, లోపల ఎవరూ ఉండరు. మా క్లాసులో చాలామందికి ఇదే గొడవ.

గొడవ ఎక్కడ మొదలవుతుందో కూడా సారే చెప్పారు: భుజం దగ్గర. మొండేన్ని ఒక పెట్టెలా గీసేసి, దాని రెండు మూలల్లో చేతులు తగిలించేస్తాం. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు ఎవరికీ తెలీదు. చెయ్యి పైకెత్తిన మనిషిని వెయ్యాల్సి వస్తే మాత్రం దొరికిపోతాం. ఎందుకంటే చెయ్యి భుజం దగ్గర మొదలవదు. వెనక చూస్తే వీపు మధ్యలో, ముందు చూస్తే గొంతు కింద గుంట పక్కన మొదలవుతుంది. కాలర్ బోన్ లోపలి చివర రొమ్ము ఎముకతో కలిసే చోట ఒక చిన్న కీలుంది. మన మొత్తం చేతికి మొండెంతో ఎముకకి ఎముక తగిలే సంబంధం అదొక్కటే. వెనక ఉన్న రెక్క ఎముకకి పక్కటెముకలతో ఏ కీలూ లేదు. రెండో పక్కటెముక నుంచి ఏడోదాకా కప్పుకుని, మధ్యలో ఉన్న కండల మీద అటూ ఇటూ జారుతూ ఉంటుంది. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. కళ్ళతో చూడ్డానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి.

ముందు ఎముక సంపాదించాలి. మా పెద్దమ్మ కూతురు ఎంబీబీఎస్ చదువుతోంది. వాళ్ళు ఫస్టియర్‌లో సీనియర్ల దగ్గర బోన్ సెట్ కొనుక్కుంటారు, పనయ్యాక జూనియర్లకి అమ్మేస్తారు. అక్క తనది ఇంకా అమ్మలేదని తెలిసి ఒక రెక్క ఎముక, ఒక కాలర్ బోన్, ఒక దండ ఎముక (మోచేతికి పైన ఉండేది) అడిగి తెచ్చుకున్నాను. షూ డబ్బాలో తువ్వాలు చుట్టి పెట్టిచ్చింది.

డబ్బా మూత తియ్యగానే అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "శుక్రవారం పూట ఇంట్లోకి ఎముకలా!"

"డాక్టర్లింట్లో ఉండవా ఏంటి?" అన్నారు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా.

"వాళ్ళకి డబ్బులొస్తాయి," అంది అమ్మ.

చివరికి రాజీ ఎలా కుదిరిందంటే, డబ్బా మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన ఉన్న చిన్న గదిలోనే ఉండాలి. నేను ముట్టుకుంటే స్నానం చేశాకే వంటింట్లోకి రావాలి. మామ్మ మాత్రం మెట్లెక్కి మరీ వచ్చింది చూడ్డానికి. కళ్ళజోడు సర్దుకుని, "ఎవరిదే ఇది?" అంది.

"తెలీదు మామ్మా."

"ఆడమనిషిదా, మగాడిదా?"

"అదీ తెలీదు."

"కాశీకి పంపాల్సింది షూ డబ్బాలో పెట్టారు, పాపం," అని దణ్ణం పెట్టుకుని దిగిపోయింది. ఆ మాట నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. 1985లో మన ప్రభుత్వం ఎగుమతి నిషేధించేదాకా ప్రపంచంలో చాలా వైద్య కళాశాలలకి అస్థిపంజరాలు మన దేశం నుంచే, ముఖ్యంగా కలకత్తా నుంచే వెళ్ళేవి. ఎవరి అనుమతితో వెళ్ళాయో అడిగినవాళ్ళు తక్కువ. అక్క దగ్గరున్న సెట్ ఎన్ని చేతులు మారిందో, మొదట ఎక్కడ బయల్దేరిందో అక్కకీ తెలీదు. నేను గీసిన బొమ్మ కింద తేదీ వేసి, పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాను.

రెక్క ఎముకని మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు ఆశ్చర్యం వేసింది దాని బరువు లేనితనానికి. ఇంత పెద్ద ఎముక కదా అనుకుంటాం. అంచులు మందంగా, గట్టిగా ఉన్నాయి. మధ్యభాగం అప్పడంలా ఉంది, బల్బుకి ఎదురుగా పట్టుకుంటే వెలుగు ఇవతలికి కనిపిస్తోంది. ఆకారం త్రికోణమే కానీ ఏ అంచూ తిన్నగా లేదు. వెనకవైపు పైభాగంలో ఒక గట్టు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా వెళ్ళి, భుజం కొసన వెడల్పుగా ముందుకి వంగుతుంది. మనం "భుజం ఎముక" అని వేలితో తడిమి చూపించేది ఆ కొసనే. దాని కింద దండ ఎముక తల ఆనే గుంట ఉంది. అదెంత చిన్నదో, ఎంత లోతు తక్కువో! చెయ్యి అన్ని వైపులకీ తిరగడానికి కారణం అదే, తేలిగ్గా భుజం తొలగడానికీ కారణం అదే. ఇంత చిన్న పలక మీద 17 కండరాలు అతుక్కుని ఉంటాయట. అందుకే కాబోలు, ఏ పని చేస్తున్నా వీపు మీద ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది.

ఆ ఎముకనే తిప్పుతూ తిప్పుతూ గీశాను. ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి, కింద మొన నావైపు చూస్తున్నట్టు. పక్కనుంచి చూస్తే అది సన్నగా ఒంపు తిరిగి ఉంటుంది, పక్కటెముకల గూడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీద ఒదగడానికి. అందరూ రెక్క ఎముకల్ని వీపు మీద చదునుగా పరిచినట్టు వేస్తారు గానీ అవి ఏటవాలుగా, భుజం కొసలు ముందుకి తిరిగి ఉంటాయి. లియొనార్డో డావించీ 1510–11 ప్రాంతంలో వేసిన భుజాల పేజీలు ఇప్పుడు ఇంటర్నెట్లో ఎంత కావాలంటే అంత పెద్దవి చేసి చూడొచ్చు. ఆయన కూడా ఒకే భుజాన్ని చుట్టూ తిరుగుతూ వరసగా వేశాడు. ఒక చోట కండల్ని తీసేసి వాటి బదులు తాళ్ళు కట్టినట్టు గీశాడు, ఏది ఎటు లాగుతుందో తెలియడానికి. నేనూ దండ ఎముకకీ రెక్క ఎముకకీ మధ్య రబ్బరు బ్యాండ్లు పెట్టి చూశాను. అక్క చూస్తే ఊరుకునేది కాదు.

అక్క పుస్తకం కూడా కొన్నాళ్ళు నా దగ్గరే ఉంది, గ్రేస్ అనాటమీ. 1858లో మొదటిసారి వచ్చింది. రాసినాయన హెన్రీ గ్రే, బొమ్మలు వేసినాయన హెన్రీ వాండైక్ కార్టర్. కార్టర్ కూడా డాక్టరే. పుస్తకం వచ్చిన ఏడాదే ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి బొంబాయి వచ్చాడు, గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు. ఆయన బొమ్మల్లో నాకు నచ్చింది, భాగాల పేర్లు పక్కన అంకెలేసి ఎక్కడో కింద రాయకుండా ఆ కండ మీదే, ఆ ఎముక మీదే రాయడం. చూపు బొమ్మ మీంచి కదలక్కర్లేదు. పుస్తకానికి గ్రే పేరే మిగిలిపోయిందనుకోండి. బొమ్మలేసేవాళ్ళ సంగతి ఎప్పుడూ ఇంతే.

అయితే ఎంత మంచి బొమ్మైనా చర్మం తీసేసిన బొమ్మే. నాకు కావాల్సింది చర్మం కింద. దానికి ఇంట్లో ఉన్నది మా తమ్ముడు, ఇంటర్ సెకండియర్, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు అంత సన్నం. మోడల్‌గా నిలబడడానికి వాడి రేటు సాయంత్రం పానీపూరి, అదనంగా నా ఫోన్ హాట్‌స్పాట్. చొక్కా విప్పించి, వెనక్కి తిరిగి నిలబెట్టి, అమ్మ ఐబ్రో పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. తల వంచమంటే మెడ కింద పెద్దగా పొడుచుకొచ్చే ఎముక, రెండు భుజం కొసలు, రెక్క ఎముక లోపలి అంచు, దాని కింద మొన, నడుము కింద రెండు సొట్టలు. కొవ్వు మనిషిని బట్టి మారుతుంది, కండ పనిని బట్టి మారుతుంది. ఎముక చర్మానికి తగులుతున్న ఈ చోట్లు మాత్రం ఎవరికైనా ఉంటాయి. వీటిని పట్టుకుని మిగతాది కొలుచుకోవడమే.

"ఇప్పుడు కుడిచెయ్యి పక్కకి లేపు, నెమ్మదిగా."

మొదట్లో కొంతమేర చెయ్యొక్కటే లేచింది, రెక్క ఎముక ఉన్నచోటే దాదాపుగా ఉంది. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చేసరికి నేను పెట్టిన కింది గుర్తు చర్మం కింద ఎముకని వదిలేసి వెనకబడిపోయింది. మొన బయటికి, చంకవైపు వెళ్ళిపోయింది. చెయ్యి నెత్తిమీదకి వచ్చేసరికి ఆ మొన చంక కింద పక్కన పొడుచుకొచ్చి కనబడుతోంది. చెయ్యి మొత్తం 180 డిగ్రీలు లేస్తే అందులో సుమారు 120 భుజం కీలుది, మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేది. కాలర్ బోన్ కూడా పైకి లేచి, తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. ఈ 60 డిగ్రీలనే మనం బొమ్మల్లో ఎగ్గొడతాం. అందుకే చేతులెత్తిన మన బొమ్మలన్నీ పోలీసులు చుట్టుముట్టినట్టు బిగుసుకుపోయి ఉంటాయి.

గుర్తు చర్మం మీద ఉండిపోయి ఎముక జారిపోవడం చూశాక, ఒక గంటసేపు వాణ్ణి చెయ్యి ఎత్తమని, దించమని విసిగించాను. పానీపూరి రెండు ప్లేట్లయింది.

తమ్ముడి వీపుతో వచ్చిన చిక్కేంటంటే, అది ఇంకా ఏ పనీ చెయ్యని వీపు. రెండువైపులా ఒకేలా ఉంటుంది. పనిచేసే వీపులు కావాలంటే గోదావరి గట్టుకి వెళ్ళాలి. ఆడపిల్ల ఒక్కతే కూర్చుని మగాళ్ళ వీపులు గీస్తానంటే ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తాతయ్య తోడొస్తానన్నారు. రిటైర్డ్ మాస్టారు, ఊళ్ళో సగంమంది ఆయన శిష్యులే. పేపరూ మడత కుర్చీ పట్టుకుని పొద్దున్న ఆరింటికల్లా తయారు.

పుష్కర ఘాట్లో స్నానాలు చేసేవాళ్ళని వేద్దామని మొదలుపెట్టాం కానీ అక్కడ కుదరలేదు. మునిగి లేచి, తువ్వాలు కప్పుకుని వెళ్ళిపోతారు. పైగా దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని వెనకనుంచి తేరిపార చూడటం నాకే బాగోలేదు. ఇంకాస్త ఎగువకి, పడవల్లోంచి ఇసుక దించే చోటికి వెళ్ళాం. అక్కడ దొరికింది నాకు కావాల్సింది. పని అంటే ఒకే భంగిమ మళ్ళీ మళ్ళీ రావడం. తట్ట నింపడం, వంగి ఎత్తడం, నెత్తిన పెట్టుకోవడం, ఒక చేత్తో పట్టుకుని పలక మీంచి నడవడం, గుట్ట మీద దిమ్మరించడం. ఇది తెలిశాక పద్ధతి మార్చుకున్నాను. ఒక పేజీలో అయిదారు బొమ్మలు ఒకేసారి మొదలెట్టడం. ఎత్తుతున్నప్పుడు ఎత్తే బొమ్మలో రెండు గీతలు, నడుస్తున్నప్పుడు నడిచే బొమ్మలో మూడు గీతలు. మనిషి ఎటూ మళ్ళీ అక్కడికే వస్తాడు. ఎవర్నీ ఆగమని అడగక్కర్లేదు, ఎవరి పనీ చెడగొట్టక్కర్లేదు.

ఇంకో సంగతి వెలుగు. ఎనిమిది దాటి ఎండ నెత్తికెక్కే కొద్దీ వీపు చదునైపోతుంది. ఆరుకీ ఏడున్నరకీ మధ్య ఊరి వైపు నుంచి అడ్డంగా పడే ఎండలో చిన్న ఎత్తు కూడా నీడ వేస్తుంది. అప్పుడు తెలిసింది నాకు, పుస్తకంలో ఒకటే గట్టుగా ఉన్నది మనుషుల్లో రెండు రకాలుగా కనిపిస్తుందని. సన్నటి మనిషిలో రెక్క ఎముక గట్టు నిజంగా గట్టే, చర్మాన్ని ఎత్తి కనబడుతుంది. కండపట్టిన మనిషిలో దాని పైనా కిందా కండ ఉబ్బి, ఎముక ఉన్నచోట గాడి పడుతుంది. వెన్నెముకా అంతే. తమ్ముడు వంగితే పూసలు వరసగా తేలతాయి. ఇసుక మోసేవాళ్ళకి వీపు నడిమధ్యన లోతైన కాలవ, చెమట అందులోంచే దిగుతుంది. ఒకే ఎముక ఒకచోట వెలుగు, ఇంకోచోట నీడ. ఇది తెలీకుండా అందరి వీపు మీదా ఒకేచోట నల్లగా షేడింగ్ వేసుకుంటూ పోతాం.

ఒకాయన్ని ఎక్కువగా వేశాను. యాభై దాటి ఉంటాయి. తట్ట ఎప్పుడూ కుడిచేత్తోనే పట్టుకుంటాడు. ఆ చెయ్యి పైకుంటే కుడి రెక్క ఎముక చంకవైపు తిరిగిపోయి, పక్కటెముకల మీద వేళ్ళలా అల్లుకున్న కండలు బయటపడేవి. తట్ట దించాక కూడా రెండు భుజాలూ సమానం అయ్యేవి కావు. ఎడమది దిగి ఉండేది, మెడకీ భుజానికీ మధ్య కుడివైపు కండ దిట్టంగా ఉండేది. ఎండెక్కి టీ తాగే వేళకి తాతయ్య దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఏంటి మాస్టారూ, పాపగారు రోజూ ఏదో రాసుకుంటున్నారు?"

"రాయడం కాదురా, నీ బొమ్మే."

చూపించాను. పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. "మొహం లేదేంటండీ?"

"కాలేజీలో వీపులే వెయ్యమన్నారు బాబాయ్."

"వీపైతే నేనని ఎవరికి తెలుస్తాదండీ?" అన్నాడు. బాధపడ్డాడని కాదు, మామూలుగానే అడిగాడు.

నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే, వెనక నిలబడి టీ తాగుతున్న ఇంకో మనిషి తొంగిచూసి పకపకా నవ్వాడు. "నీదని తెలవక ఇంకెవరిదంటావు? ఆ ఎడం జబ్బ జారిపోడం ఊళ్ళో ఇంకెవడికుంది?" ఇంకో ఇద్దరొచ్చారు. మిగతా పేజీల్లో వీపులు ఎవరెవరివో వాళ్ళే చెప్పేసుకున్నారు. ఒక్కటి మాత్రం తేలలేదు, ఇద్దరు నాదంటే నాదన్నారు. అది నాకూ గుర్తులేదు. కాలేజీలో ఎంత మంచి మార్కులొచ్చినా అంత సంతోషం ఉండదేమో.

మర్నాడు ఆయన మొహంతో సహా ఒక బొమ్మ వేసి ఇచ్చాను. మీసం కొంచెం నల్లగా వెయ్యమన్నాడు, వేశాను.

ఈ పని చేస్తున్నంతకాలం ఒక ఆలోచన మాత్రం వదల్లేదు. మాకు చూడ్డానికి దొరికే ఒళ్ళు ఎవరివి? కాలేజీలో లైఫ్ స్టడీకి వచ్చే మోడల్ పంచె కట్టుకున్న ఓ పెద్దాయన. స్టేషన్లో దొరికేవాళ్ళు నేలమీద నిద్రపోయేవాళ్ళు. గట్టు మీద దొరికేవాళ్ళు కూలీలు. అంటే చొక్కా లేకుండా పని చెయ్యక తప్పనివాళ్ళే మా అనాటమీ పుస్తకం. ఏసీ గదిలో కూర్చునే వీపుని నేనింతవరకూ వెయ్యలేదు. అదెలా ఉంటుందో చూడాలని ఉంది, తల ముందుకి సాగి, భుజాలు లోపలికి ముడుచుకుని. ఇక ఆడవాళ్ళ సంగతైతే చెప్పేదే లేదు. ఆడ మోడల్ వస్తే చీరలోనే. నాలుగేళ్ళ కోర్సు అయ్యేసరికి మాకు మగవాళ్ళ ఒళ్ళు కాస్తో కూస్తో తెలుస్తుంది, ఆడవాళ్ళ విషయంలో చీర మడతలు బాగా తెలుస్తాయి.

మా ఊళ్ళోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే గోల చేస్తూ తిరిగొచ్చేశాం. ఈసారి వెళ్ళి నెమ్మదిగా చూశాను. 1897లో ఇక్కడే పుట్టాడు. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి ప్రోత్సహించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి పంపాడు. రామారావు అక్కడ ఉన్న రోజుల్లోనే, 1919లో, ఆ స్కూలు అధిపతి గ్లాడ్‌స్టోన్ సాలమన్ బట్టల్లేని మోడల్‌ని పెట్టి లైఫ్ క్లాసు మొదలుపెట్టాడు. రామారావు నగ్న చిత్రాలూ వేశాడు, పల్లె మనుషుల్నీ వేశాడు. 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన బొమ్మల్లో నేను భుజాలే చూస్తూ నిలబడ్డాను, ఈ సెలవుల్లో నాకు పట్టిన పిచ్చి అది. రేఖ ఎంత మెత్తగా ఉన్నా, చెయ్యెత్తిన చోట మెడ పక్కన కండ ముడుచుకోవడం, చంక దగ్గర ఒంపు మారడం చూసి వేసినవాడి చెయ్యని తెలిసిపోతుంది. వందేళ్ళ కింద ఆయనకి దొరికిన క్లాసు ఇవాళ నాకు ఎందుకు దొరకదో ఎవర్ని అడగాలి? అడిగితే, "ఇంట్లోవాళ్ళొచ్చి గొడవ చేస్తే ఎవరు చూస్తారమ్మా?" అంటారు. వాళ్ళ టెన్షన్ వాళ్ళది, అబద్ధమేమీ కాదు.

ఇదంతా ఇంట్లో గొణుగుతుంటే మామ్మ విన్నట్టుంది. ఆదివారం తలంటుకి ముందు నూనె రాయించుకుంటూ, "అందరి వీపులూ వేస్తున్నావు కదే, నాది వెయ్యి," అంది. అమ్మ "అత్తయ్యా!" అంది. "ఎనభై ఏళ్ళొచ్చాక ఇంకెవరికే సిగ్గు?" అంది మామ్మ.

పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుంది. నూనె రాసిన చర్మం మీద పొద్దుటి వెలుగు పడి ప్రతి ముడతా విడివిడిగా మెరుస్తోంది, కాబట్టి నీడలు ముందు వెయ్యడానికి లేదు. ఎముకలతోనే మొదలెట్టాను. వీపు పైభాగం గూనిగా వంగడం వల్ల రెక్క ఎముకలు రెండూ పక్కలకి, ముందుకి జారిపోయి ఉన్నాయి. లోపలి అంచులు చర్మాన్ని ఎత్తి నిలబడ్డాయి. "చేతులు పైకెత్తు మామ్మా," అంటే చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. వీపు వంగాక రెక్క ఎముకకి తిరగడానికి చోటు తగ్గుతుంది, చెయ్యి పూర్తిగా లేవదు. అటక మీది డబ్బాలు అందుకోవడం మామ్మ ఎప్పుడు మానేసిందో, మోకాళ్ళ నొప్పి వల్లే అని మేమంతా ఎందుకనుకున్నామో తెలీదు. చర్మం మాత్రం ఎముకతోపాటు కదలదు, కిందికి వేలాడే మడతలు తమ దారిన తాముంటాయి. తమ్ముడి వీపు మీద పెన్సిల్ గుర్తు ఎంత జారిందో, మామ్మ వీపు మీద దానికి రెండింతలు జారేలా ఉంది. రవికె బిగువు పడే చోట భుజాల మీద ఏళ్ళ తరబడి పడ్డ గాడి ఒకటి ఉంది. అది ఏ అనాటమీ పుస్తకంలోనూ లేదు.

బొమ్మ చూసి మామ్మ, "ఇన్ని ఎముకలేంటే? మూడు పూటలా తింటూనే ఉన్నాను కదా," అంది. తర్వాత ఫోన్లో మా పెద్దత్తకి కూడా చెప్పింది, నా వీపు కాలేజీకి వెళ్తోందని.

స్కెచ్‌బుక్ ఇప్పుడు తిరగేస్తే తమ్ముడు ఉన్నాడు, గట్టుమీది వాళ్ళున్నారు, మామ్మ ఉంది. మధ్య వయసు ఆడవాళ్ళెవరూ లేరు, నా వయసువాళ్ళూ లేరు. అమ్మని అడిగాను. "నువ్వూ నీ వీపులూ," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందుకని హాస్టల్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: కాలేజీ తెరిచాక మన గదిలోనే, తలుపేసుకుని, ఆదివారాలు మనలో మనమే ఒకరినొకరం వేసుకుందాం, జిమ్ బట్టలు చాలు, ఫోన్లు బయట పెట్టాలి. ఒకమ్మాయి వెంటనే సరేనంది. ఇంకొకమ్మాయి షరతు పెట్టింది, తన బొమ్మలన్నీ అక్కడికక్కడే తనకి ఇచ్చెయ్యాలట, మార్కులకి పెట్టకూడదట. ఒప్పుకున్నాను. వేస్తే చాలు, కాగితం ఎవరి దగ్గరుంటే ఏం? మా గదిలో ట్యూబ్‌లైటు ఒక పక్క గోడకే ఉంది, ఇన్నాళ్ళూ చదువుకోడానికి చాలట్లేదని వార్డెన్ మీద విసుక్కునేవాళ్ళం. ఇంకో పక్క లైటు వేయిస్తామని ఈమధ్యే అన్నారు. కొన్నాళ్ళు ఆగమని చెప్పాలి.